ప్రమిద నుండి నైలాన్ దాకా : ఆముదపు చెట్టు చరిత్ర

"ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం" అన్న సామెత తెలియని తెలుగువారు ఉండరు. పెద్దలు లేని సభలో సామాన్యుడే పెద్ద అవుతాడని చెప్పడానికి మన పూర్వులు ఈ మాట వాడారు. నిజానికి వృక్షశాస్త్ర దృష్టితో చూస్తే అది మహావృక్షం కాదు సరికదా, పొలాల్లో పండించే రకాలైతే చెట్టు అనిపించుకోవడానికి కూడా తగినంత ఎత్తు పెరగవు. ఏ గట్టు మీదనో, దిబ్బ పక్కనో నీళ్లు పోసేవారు లేకపోయినా పెరిగే మొక్క కనుకనే దాని మీద అంత చులకన ఏర్పడింది.

ఆ చులకనకు చరిత్ర వేరే సమాధానం చెబుతున్నది. వేల సంవత్సరాలు మానవుని ఇంట దీపమై వెలిగింది ఈ చెట్టు నూనెయే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆకాశాన ఎగిరిన విమానాల యంత్రాలను కందెనగా కాపాడినదీ ఇదే. ఇరవయ్యో శతాబ్ది నడుమ ఫ్రాన్సు దేశంలో నైలాన్‌గా మారి, నేడు మోటారు వాహనాలలో గొట్టాలై అమరుతున్నదీ ఇదే. గత నూట యాభై సంవత్సరాలలో బొగ్గు, పెట్రోలియం నుండి తీసిన రసాయనాలు ఎన్నో మొక్కల సరుకులను అంగళ్ల నుండి తరిమివేశాయి. ఆముదాన్ని మాత్రం తరమలేకపోయాయి. అందుకు కారణమేమిటి? అంతటి సరుకును పండించిన రైతుకు దక్కినదేమిటి? ఆముదపు చరిత్రలో తెలుసుకోదగినవి ఈ రెండు విషయాలు.

పేర్లలో దాగిన చరిత్ర

తెలుగుదేశం దాటి వచ్చి ఇరుగుపొరుగు భాషల నడుమ తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ మొక్క పలు పేర్లతో పరిచయం. కన్నడిగులు దీనిని హరళు అనీ ఔడల అనీ అంటారు. ఒడియాలో జడా. మరాఠీలో ఎరండ, అది సంస్కృత ఏరండ శబ్దం నుండి వచ్చినది. తమిళులు మొక్కను ఆమణక్కు అంటారు. తెలుగు ఆముదానికీ ఆ మాటకూ గల దగ్గరితనం వినగానే తెలుస్తుంది. అంతకంటే ఆసక్తి కలిగించేది తమిళంలో నూనెకు ఉన్న పేరు. విళక్కెణ్ణెయ్ అనగా దీపపు నూనె. నూనె పేరులోనే దాని ప్రధానోపయోగం నిలిచిపోయింది. ఇంటింటా విద్యుద్దీపం వెలిగే ఈ రోజులలో కూడా తమిళుడు అంగడికి వెళ్లి దీపపు నూనె అనే అడిగి ఆముదం తెచ్చుకుంటాడు.

ఈ మొక్క జన్మస్థానం ఆఫ్రికా ఖండపు తూర్పు భాగమని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈజిప్టు దేశపు ప్రాచీన సమాధులలో ఆముదపు గింజలు దొరికాయి. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దికి చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ ఈజిప్టువారు ఈ నూనెతో దీపాలు వెలిగించుకొనేవారని వ్రాశాడు. దాని వాసన మాత్రం ఆయనకు నచ్చలేదు. మన దేశానికి ఈ మొక్క ఎంతో పూర్వమే వచ్చి చేరింది. ఆయుర్వేద గ్రంథాలలో ఏరండ తైలానికి విరేచనౌషధంగా, వాతహరంగా గొప్ప స్థానం ఉన్నది. 1753లో లిన్నేయస్ శాస్త్రీయనామం పెట్టినప్పుడు రిసినస్ అన్న లాటిన్ పదం తీసుకున్నాడు. ఆ పదానికి అర్థం గోమారి, అనగా పశువులను పట్టే పురుగు. నిగనిగలాడే మచ్చల గింజను రక్తం త్రాగి ఉబ్బిన ఆ పురుగుతో పోల్చిన చూపు నిశితమైనదే.

గానుగ, రోలు, వంటాముదం

తెలుగునాట నూనె తీయడం ప్రాచీన వృత్తులలో ఒకటి. 11వ శతాబ్ది చివరి భాగానికి చెందిన రాజరాజ చోడగంగుని టేకి శాసనం తెలికి కులస్థులకు ఇచ్చిన గౌరవాలను పేర్కొంటున్నది. వారిని తెలికి వేవురు అని వ్యవహరించేవారు. నూనె పని చేసేవారు ఒక సంఘంగా ఏర్పడి, రాజసన్నిధిలో గుర్తింపు పొందేటంతటి స్థితిలో ఉండేవారని దీనివలన తెలుస్తున్నది.

ఆముదం విషయంలో గానుగతో పాటు ఇంటి పద్ధతి కూడా ఒకటి ఉండేది. గింజలను మంగలంలో వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను నీళ్లలో వేసి గంటల కొద్దీ మరిగించేవారు. నూనె పైకి తేలేది. దానిని గరిటెతో తేర్చి, వేరే పాత్రలో మళ్లీ కాచి, చెమ్మ పోయేదాకా ఉంచి దించేవారు. ఇదే వంటాముదం. ఈ పద్ధతిలో శాస్త్రీయమైన రహస్యం ఒకటి ఉన్నది. ఆముదపు గింజలో రిసిన్ అనే తీవ్రమైన విషపు మాంసకృత్తు ఉంటుంది. 1888లో హెర్మన్ స్టిల్‌మార్క్ అనే పరిశోధకుడు దానిని వేరుచేసి చూపించాడు. అది నూనెలో కరగదు, పిండిలోనే మిగిలిపోతుంది. వేడికి దాని విషగుణం నశిస్తుంది. రిసిన్ అన్న మాట పుట్టక ముందే, గింజను మరిగించనిదే నూనెను లోపలికి పుచ్చుకోరాదన్న ఆచారం మన ఇళ్లలో స్థిరపడి ఉన్నది.

ఆ నూనె పుట్టిన బిడ్డ మాడుకు అంటడానికి, బాలింతకు, కడుపు శుభ్రపడటానికి, ఎండిన చర్మానికి, బండి ఇరుసుకు, తోలు సామానుకు పనికి వచ్చేది. పిల్లలకు మాత్రం దాని రుచి అసహ్యం. "ఆముదం త్రాగిన ముఖం" అన్న జాతీయం అలా పుట్టినదే. అన్నిటికంటే ముఖ్యమైన ఉపయోగం దీపం. చిక్కని నూనె కావడం చేత వత్తి గుండా మెల్లగా ప్రాకుతుంది, నిదానంగా కాలుతుంది, మసి తక్కువ. ఒక ప్రమిదెడు ఆముదం ఎక్కువ సేపు వెలుగునిచ్చేది. రైళ్లు వచ్చిన తొలి దశాబ్దాలలో రైల్వేవారు సైతం దీపాలకూ, కందెనకూ ఆముదాన్ని పెద్ద ఎత్తున కొన్నారు. బొంబాయి, మద్రాసు, కాకినాడ, కలకత్తా రేవుల నుండి ఆముదపు గింజలు ఐరోపా దేశాలకు ఓడలెక్కాయి.

కిరసనాయిలు రాక

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో భూమిని తొలిచి పెట్రోలియం తీశారు. అందులో నుండి వచ్చిన కిరసనాయిలు కొద్ది దశాబ్దాలలోనే మన పల్లెల దాకా ప్రాకింది. అది చవక, వెలుగు ఎక్కువ. గాజు చిమ్నీతో కూడిన లాంతరు ముందు ప్రమిద నిలువలేకపోయింది. పంతొమ్మిదో శతాబ్ది ముగిసేసరికి ఆముదపు దీపం పూజగదికీ పేదవాని గుడిసెకూ పరిమితమయ్యే దారి పట్టింది.

ఆ కాలంలోనే మరొక భారతీయ పంటకు అంతకంటే ఘోరమైన ఆపద వచ్చింది. అది నీలిమందు. బెంగాల్ బీహార్‌లలోను, తమిళ ఆంధ్ర మండలాలలోను నీలి ఆకును తొట్లలో నానబెట్టి, చిలికి, ముద్దలు చేసి ఎగుమతి చేసేవారు. జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫాన్ బేయర్ ప్రయోగశాలలో ఆ రంగును తయారు చేసే మార్గం కనుగొన్నాడు. 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. అనే జర్మన్ సంస్థ కృత్రిమ నీలిని అంగడికి తెచ్చింది. ఇరవై సంవత్సరాలలో మన నీలి వ్యాపారం నామమాత్రమైంది. తారు నుండి పుట్టిన రంగుకూ ఆకు నుండి వచ్చిన రంగుకూ రసాయన దృష్టిలో భేదం లేదు. భేదం లేనప్పుడు చవకైనదే గెలుస్తుంది.

దీపం పోయిన ఆముదానికి కూడా అదే గతి పట్టవలసినది. పట్టలేదు. అందుకు కారణం ఆ నూనె అణువులోనే ఉన్నది.

అణువులోని విశేషం

వేరుసెనగ, నువ్వులు, కొబ్బరి మొదలైన నూనెలన్నీ కొవ్వు ఆమ్లాలు గ్లిసరాల్‌తో కలిసి ఏర్పడినవే. ఆముదమూ అంతే. కాని దానిలోని కొవ్వు ఆమ్లాలలో నూటికి 85 నుండి 90 పాళ్ల వరకు ఒకే ఒక ఆమ్లం ఉంటుంది. దాని పేరు రిసినోలియిక్ ఆమ్లం. ఒక మొక్క నూనెలో ఒకే ఆమ్లం ఇంత శుద్ధంగా ఉండటం అరుదు.

ఆ ఆమ్లంలో 18 కార్బన్ పరమాణువుల గొలుసు ఉంటుంది. తొమ్మిదో కార్బన్ వద్ద ద్విబంధం ఉన్నది. పన్నెండో కార్బన్ వద్ద ఒక హైడ్రాక్సిల్ సమూహం, అనగా ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంట తగులుకొని ఉన్నది. మిగిలిన వంట నూనెలలో ఈ హైడ్రాక్సిల్ ఉండదు. ఈ ఒక్క జంట వలన మూడు ఫలితాలు కలిగాయి. మొదటిది, అణువులు ఒకదానినొకటి పట్టుకొని ఉండటం వలన నూనెకు అసాధారణమైన స్నిగ్ధత, అనగా చిక్కదనం వచ్చింది. రెండవది, ఆముదం ఆల్కహాల్‌లో కరుగుతుంది కాని పెట్రోలులో సులభంగా కలియదు. మూడవది, రసాయన శాస్త్రజ్ఞుడు ఆ గొలుసును కోరిన చోట పట్టుకొని విరవడానికీ, కొత్త సమూహాలను తగిలించడానికీ అదొక పిడి వలె ఉపయోగపడింది. అటువంటి అణువును పెట్రోలియం నుండి చౌకగా నిర్మించడం నేటికీ సాధ్యపడలేదు. నీలికి లేని రక్షణ ఆముదానికి ఇక్కడ దొరికింది.

అద్దకపు తొట్టిలో

ఈ హైడ్రాక్సిల్ విలువను మొదట అనుభవంలోకి తెచ్చుకున్నది బట్టల అద్దకపు పరిశ్రమ. ఆముదాన్ని గంధకికామ్లంతో చర్య జరిపించి, తరువాత క్షారంతో తటస్థం చేస్తే నీటిలో కలిసే నూనె తయారవుతుంది. పంతొమ్మిదో శతాబ్ది చివరి పాదంలో టర్కీ ఎరుపు అనే అద్దకానికి దీనిని విరివిగా వాడటం చేత దానికి టర్కీ రెడ్ ఆయిల్ అన్న పేరు స్థిరపడింది. రంగు నూలులోకి సమంగా దిగడానికీ, గట్టిగా పట్టడానికీ ఇది తోడ్పడుతుంది. సబ్బు తరువాత మానవుడు తయారు చేసిన తొలి నిర్మలకాలలో ఇది ఒకటని రసాయన చరిత్రకారులు చెబుతారు.

తెలంగాణ ప్రాంతం నుండి షోలాపూరుకు తరలి వెళ్లి, అక్కడ మగ్గాలు నిలిపిన పద్మశాలి కుటుంబాల వారికి ఈ నూనె కొత్తది కాదు. చేనేత నూలుకు నాఫ్తాల్ రంగులు అద్దేవారు రంగు పొడిని ముందుగా ఈ నూనెతో ముద్దగా కలుపుకొని, తరువాతనే నీటిలో కరిగిస్తారు. తాతల నాటి పొలంలో పండిన ఆముదమే రూపు మార్చుకొని మనుమల అద్దకపు తొట్టిలోకి వచ్చిందని వారిలో ఎందరు గమనించారో చెప్పలేము.

విమానానికి కందెన

1899లో లండన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కందెన నూనెల వ్యాపారం ప్రారంభించాడు. మోటారు కారుకూ విమానానికీ తగిన కందెన కోసం వెదుకుతూ, ఖనిజ తైలానికి ఆముదం జోడించి 1909లో ఒక సరుకును తయారు చేశాడు. ఆముదపు ఇంగ్లీషు పేరు కాస్టర్ ఆయిల్. దాని నుండియే ఆ సరుకుకు కాస్ట్రాల్ అని పేరు పెట్టాడు. నేడు ఆ పేరుతో అమ్మే నూనెలలో అధిక భాగానికి ఆముదంతో సంబంధం లేదు. పేరు మాత్రం మిగిలింది.

1914లో యుద్ధం ప్రారంభమైనప్పుడు అనేక విమానాలలో రోటరీ యంత్రాలు ఉండేవి. వీటిలో సిలిండర్లన్నీ చక్రం వలె గిరగిర తిరుగుతాయి. పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం కందెన ఉన్న పెట్టె గుండానే సిలిండర్లకు పోవాలి. అక్కడ ఖనిజ తైలం ఉంటే పెట్రోలు దానిని కరిగించి కడిగివేస్తుంది, యంత్రం క్షణాలలో బిగుసుకుపోతుంది. పెట్రోలుతో కలియని ఆముదం ఒక్కటే అక్కడ నిలిచింది. వాడిన నూనె తిరిగి రాదు, పొగతో పాటు బయటికి చిమ్ముతుంది. ఆ పొగ పీల్చిన విమాన చోదకులకు కడుపు పాడయ్యేదని కథలు కథలుగా చెప్పుకొనేవారు. ఆయుర్వేదం ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

విమానాలు పెరిగిన కొద్దీ ఆముదానికి కరవు వచ్చింది. అది యుద్ధ సామగ్రి అయింది. అమెరికా ప్రభుత్వం భారతదేశం నుండి విత్తనాలు తెప్పించి, తన దక్షిణాది రాష్ట్రాలలో రైతుల చేత ఆముదం వేయించింది. దీపం నుండి తొలగించబడిన నూనె, కిరసనాయిలు పుట్టిన దేశంలోనే పంటగా గౌరవం పొందింది.

యుద్ధానంతరం రోటరీ యంత్రాలు మూలబడ్డాయి. ఆముదం మరొక రూపం తాల్చింది. దానికి హైడ్రోజన్ పట్టిస్తే మైనం వంటి గట్టి పదార్థం వస్తుంది. అందులోని ఆమ్లాన్ని లిథియం క్షారంతో కలిపితే సబ్బు వంటి ముద్ద ఏర్పడుతుంది. దానితో చేసిన గ్రీజు వేడికి కారిపోదు, నీటికి కొట్టుకుపోదు. 1940లలో వెలువడిన ఈ లిథియం గ్రీజు నేడు ప్రపంచంలో అత్యధికంగా వాడే గ్రీజు. లారీ చక్రం నుండి కర్మాగారపు బేరింగు దాకా అది లేని చోటు లేదు. బండి ఇరుసుకు ఆముదం రాసిన రైతు పని యంత్రయుగంలో ఈ విధంగా కొనసాగింది.

ఆముదపు నైలాన్

అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ 1935లో నైలాన్‌ను సృష్టించాడు. దానికి మూలం బొగ్గు నుండి వచ్చే బెంజీన్. 1938లో ఆ సంగతి లోకానికి వెల్లడి అయ్యేసరికి ఐరోపా రసాయన సంస్థలన్నీ తమ తమ దారులు వెదకడం ప్రారంభించాయి. ఫ్రాన్సువారికి ఆముదం తోచింది. ఆముదాన్ని తీవ్రంగా వేడి చేస్తే అణువు విరిగి 11 కార్బన్ల ఆమ్లం ఒకటి వస్తుందని క్రాఫ్ట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1877లోనే కనుగొని ఉన్నాడు. దానిని నైలాన్‌గా మలచే మార్గం ఫ్రెంచి శాస్త్రజ్ఞులు సాధించారు.

ఆ మార్గం సంగ్రహంగా ఇది. ముందు నూనెను మిథైల్ ఆల్కహాల్‌తో చర్య జరిపి గ్లిసరిన్‌ను వేరు చేస్తారు. మిగిలిన పదార్థాన్ని సుమారు 500 డిగ్రీల ఉష్ణోగ్రతలో నీటి ఆవిరితో పాటు పంపుతారు. 18 కార్బన్ల గొలుసు ద్విబంధానికీ హైడ్రాక్సిల్‌కూ నడుమ తెగి, 7 కార్బన్ల ముక్క, 11 కార్బన్ల ముక్క అవుతుంది. ఏడింటి ముక్క పరిమళ ద్రవ్యాల తయారీకి పోతుంది. పదకొండింటి ముక్కకు జలవిశ్లేషణ చేసి, హైడ్రోజన్ బ్రోమైడ్‌ను, ఆ పిమ్మట అమోనియాను పట్టిస్తే అమైనో ఆమ్లం వస్తుంది. అటువంటి అణువులు వేల సంఖ్యలో చేయీ చేయీ కలిపితే ఏర్పడే బహ్వణుకమే నైలాన్ 11. నార్మండీ ప్రాంతంలో ఆ కర్మాగారం పక్కన పారే రీల్ నది పేరు మీదుగా దీనికి రిల్సాన్ అన్న వ్యాపార నామం వచ్చింది. ముడి అమైనో ఆమ్లం తయారు చేసే కర్మాగారం 1955లో మార్సే నగరంలో వెలిసింది. నూనె గింజల దిగుమతికి పూర్వం నుండి పేరుపొందిన రేవు అది.

ఈ నైలాన్ నీటిని తక్కువగా పీలుస్తుంది, చలికి పెళుసుబారదు, నూనెలకూ రసాయనాలకూ చెడదు. అందుచేత లారీల గాలి బ్రేకులకు, కార్లలో ఇంధనం పారే గొట్టాలకు, లోహపు సామగ్రి మీద పూతకు, వైద్య పరికరాలకు దీనిని వాడుతున్నారు. సముద్రగర్భం నుండి పెట్రోలియం తోడే వంగే గొట్టాలలో కూడా లోపలి పొరగా దీనినే అమర్చుతారు. ప్రమిద నుండి ఆముదాన్ని తొలగించిన పెట్రోలియమే నేడు ఆముదపు గొట్టంలో నుండి పైకి వస్తున్నదన్న మాట.

దీనికి సోదరి వంటి పదార్థం సెబాసిక్ ఆమ్లం. ఆముదాన్ని కాస్టిక్ సోడాతో వేడి చేసినప్పుడు 10 కార్బన్లతో ఇది ఏర్పడుతుంది. మరొక రకం నైలాన్‌కూ, ప్లాస్టిక్‌ను మెత్తబరచే ద్రవ్యాలకూ, చలిలో గడ్డకట్టని కందెనలకూ ఇదే మూలం. ఇవి గాక రంగుల పరిశ్రమలో త్వరగా ఆరే నూనెగాను, పాలియురిథేన్ తయారీలోను ఆముదం చెల్లుబాటు అవుతున్నది. ఇంధనంగా కాల్చివేసేందుకు కాక, పదార్థంగా మలచుకొనేందుకు ఏటేటా పొలంలో తిరిగి పుట్టే ముడిసరుకు ఇది.

తెలుగు పొలాలలో ఆముదం

తెలంగాణలోని నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల చల్కా నేలలు చాలాకాలం ఆముదానికి నెలవులు. లోతుగా దిగే తల్లివేరు ఉన్న మొక్క కావడం చేత వాన వెనుకంజ వేసినా అది నిలుస్తుంది. అన్నం పెట్టే జొన్నకు తోడుగా, చేతికి నాలుగు డబ్బులు తెచ్చే పంటగా సన్నకారు రైతులు దీనిని నమ్ముకున్నారు. ఆకులను ఎరి పట్టుపురుగులకు మేపవచ్చు. గానుగ ఆడగా మిగిలిన పిండి పశువులకు పనికిరాకపోయినా పొలానికి మంచి ఎరువు.

పూర్వపు రకాలు పక్వానికి రావడానికి దాదాపు తొమ్మిది నెలలు పట్టేది. హెచ్.సి. 6 అనే రకం గింజలను న్యూట్రాన్ కిరణాలకు గురిచేసి, హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు అరుణ అనే కొత్త రకాన్ని సృష్టించారు. 1960ల చివరిలో విడుదలైన ఆ రకం నాలుగైదు మాసాలలో చేతికి వచ్చింది. పరమాణు శక్తిని పైరు మేలుకు వాడి సాధించిన తొలి విజయాలలో ఇది ఒకటి. 1977లో రాజేంద్రనగర్‌లో నూనె గింజల పరిశోధన డైరెక్టరేట్ ఏర్పడింది. నేడు అది భారతీయ నూనె గింజల పరిశోధన సంస్థ. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని పాలెం పరిశోధన స్థానం క్రాంతి మొదలైన రకాలను రైతుకు అందించింది. నూనె నుండి రసాయనాలు తీసే విద్యలో హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అనంతపురంలోని నూనెల సాంకేతిక పరిశోధన సంస్థ కృషి చేశాయి.

అయినా ఆముదానికి రాజధాని తెలుగునేల కాలేదు, గుజరాత్ అయింది. అమెరికాలోని టెక్సాస్ నుండి వచ్చిన, ఆడపువ్వులు మాత్రమే పూసే ఒక రకాన్ని ఉపయోగించి గుజరాత్ శాస్త్రజ్ఞులు 1968లో జి.సి.హెచ్. 3 అనే సంకర విత్తనాన్ని విడుదల చేశారు. వాణిజ్య స్థాయిలో ప్రపంచంలోనే తొలి ఆముదపు సంకరం అది. నీటి వసతి, పొడి వాతావరణం దానికి తోడయ్యాయి. తెలంగాణలో కంకి వేసే వేళకు తుపాను వానలు పడితే బూజు తెగులు వచ్చి కాయలు కుళ్లిపోతాయి, దాసరి పురుగు ఆకును తినివేస్తుంది. ఈ బాధలు పడలేక, ప్రత్తి ఆశ చూపడంతో రైతులు క్రమంగా ఆముదాన్ని వదిలిపెట్టారు. ఒకప్పుడు బ్రెజిల్ దేశం ఈ పంటలో అగ్రస్థానంలో ఉండేది. నేడు ప్రపంచంలో పండే ఆముదపు గింజలలో నూటికి ఎనభై పాళ్లకు పైగా భారతదేశానివే. వాటిలో అత్యధిక భాగం గుజరాత్‌ది.

బ్రెజిల్ నేర్పిన పాఠం

బ్రెజిల్ కథ ఇక్కడ చెప్పుకోదగినది. 2004 చివరిలో ఆ దేశ ప్రభుత్వం బయోడీజిల్ పథకం ప్రారంభించింది. ఈశాన్య ప్రాంతపు పేదరైతుల చేత ఆముదం పండించి, దానిని డీజిల్‌కు బదులు వాడాలన్నది ఆశయం. ఆశయం ఉదాత్తమే గాని లెక్క కుదరలేదు. చిక్కదనం ఎక్కువ కావడం చేత ఆముదం ఇంధన ప్రమాణాలకు సరిపడలేదు. అంతకంటే పెద్ద చిక్కు ధరలో వచ్చింది. రసాయన పరిశ్రమ దానికి ఇచ్చే ధర డీజిల్ ధర కంటే చాలా ఎక్కువ. రైతుల నుండి కొన్న ఆముదం చివరకు రసాయన పరిశ్రమలకే చేరింది. ఆ దేశపు బయోడీజిల్‌కు సోయా నూనె, పశువుల కొవ్వు ఆధారమయ్యాయి.

మొక్కల సరుకును వాడుకోవాలనుకొనే ప్రతి దేశానికీ ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. ప్రకృతి ఎంతో నేర్పుతో కూర్చిన అణువును బూడిద చేసి వేడి మాత్రమే రాబట్టుకోవడం తెలివైన పని కాదు. దేని గుణం ఏమిటో ఎరిగి దానిని ఆ పనికి వాడాలి. చెరకు మడ్డి నుండి వచ్చే ఆల్కహాల్ పెట్రోలుతో చక్కగా కలుస్తుంది, అది ఇంధనానికి తగును. ఆముదం తగదు.

అంటుకున్నది ఎంత?

మన దేశం నేడు ఏటా ఆరేడు లక్షల టన్నుల ఆముదాన్ని ఎగుమతి చేస్తున్నది. అందులో అధిక భాగం నూనెగానే ఓడ ఎక్కుతుంది. పెద్ద కొనుగోలుదారు చైనా. మన నూనెతో సెబాసిక్ ఆమ్లం చేసి ప్రపంచానికి అమ్మడంలో ఆ దేశానిదే పైచేయి. ఫ్రాన్సులో మొదలైన నైలాన్ 11 పరిశ్రమ 2022లో సింగపూర్‌లో మరొక పెద్ద కర్మాగారం నెలకొల్పుకున్నది. ఆముదపు చెట్టు ఒక్కటి కూడా పొలంలో పండని నేల అది. మన దేశంలో కూడా ఆముదపు రసాయనాలు చేసే కర్మాగారాలు పెరిగాయి, సెబాసిక్ ఆమ్లమూ తయారవుతున్నది. అయినా పండించే పంటతో పోల్చితే ఇక్కడే పదార్థంగా మారేది కొంచెమే.

పెట్రోలియం తరిగిపోయే నిధి అనీ, దాని పొగ భూమిని వేడెక్కిస్తున్నదనీ అన్ని దేశాలూ గుర్తించిన ఈ కాలంలో మొక్కల నుండి పదార్థాలు తీసే విద్యకు మళ్లీ గౌరవం వచ్చింది. ఆముదానికి గిరాకీ పెరుగుతున్నది. అయితే ఆముదపు చరిత్ర ఒక సంగతిని నిర్మొహమాటంగా చూపుతున్నది. గింజ పండినచోట కంటే, గింజలోని అణువును చదివినచోటనే సంపద నిలిచింది. వేల ఏళ్లుగా ఆముదం మన ఇళ్లలో ఉన్నది. అందులోని పన్నెండో కార్బన్ సంగతి మాత్రం ఇతరులు ముందుగా తెలుసుకున్నారు. బొబ్బలెక్కిన చేతులతో ముళ్ల కాయలను ఒలిచిన రైతుకు ధర పలికే రోజున నాలుగు రూపాయలు వచ్చాయి, పలకని రోజున కూలి కూడా రాలేదు.

"ఒంటికి ఆముదం రాసుకొని ఎంత దొర్లినా అంటేదే అంటుతుంది" అని మన పెద్దలు అన్నారు. అదృష్టానికి మించి ఏదీ దక్కదని దానికి అర్థం చెబుతారు. ఆముదం విషయంలో మాత్రం ఆ సామెతను విధికి వదలకూడదు. మనకు అంటినది తక్కువైతే, నేర్చినది తక్కువ కావడమే అందుకు కారణం. కొవ్వు ఆమ్లం, హైడ్రాక్సిల్ సమూహం, జలవిశ్లేషణ, బహ్వణుకం అనే మాటలను తెలుగులోనే నేర్చుకొని రసాయన శాస్త్రపు తలుపు తట్టిన విద్యార్థులు ఎందరో ఉన్నారు. అమ్మమ్మ వంటింట్లో కాచిన వంటాముదానికీ, ప్రయోగశాలలోని గాజు నాళికకూ నడుమ దూరం లేదని వారిలో కొందరైనా గుర్తిస్తే, మన పొలంలోని గింజ మన ఊరి కర్మాగారంలోనే పదార్థమయ్యే రోజు వస్తుంది. ఆనాడు ఆముదపు చెట్టును మహావృక్షమని పిలవడంలో ఎగతాళి ఉండదు.